బౌలింగ్ గేమ్‌లో 90 నుంచి 190కి

క్రికెట్ బౌలింగ్ కాదండోయ్, పది పిన్నులు పడగొట్టే ఆట. అందులోనూ వేలితో తోస్తే చాలు స్ట్రైక్ (మొదటి బంతికే పదీ పడటం) వచ్చే రకం కాదు. లేన్ మీద నూనెనీ బంతి తిరుగుడునీ లెక్కగట్టే సిమ్యులేషన్ వీడియో గేమ్. ఇందులో బలంగా విసిరినంత మాత్రాన పిన్నులు పడవు.

ఫౌల్ లైన్ (బంతి వేసేటప్పుడు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్‌కి 60 అడుగులు. లేన్ వెడల్పు 39 బోర్డులు, అంటే పక్కపక్కనే పరిచిన సన్నటి చెక్కపట్టీలు. కుడిచేతి వాటం వాళ్లు కుడి అంచు నుంచి లెక్కపెట్టాలి. దాదాపు 15 అడుగుల దూరంలో ఐదేసి బోర్డులకొకటి చొప్పున ఏడు బాణాలుంటాయి. రెండో బాణమంటే 10వ బోర్డు. బ్రాడీపేట 4/14 అంటే ఏ లైనో, ఏ అడ్డరోడ్డో గుంటూరోళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు కదా. బంతికి కూడా అలాగే రెండంకెలు రాసుకోండి. పాదం 20, గురి 10 అయితే 20/10. విసిరేటప్పుడు చూపు పిన్నుల మీద కాదు, బాణం మీదే.

మామూలు హౌస్ ప్యాటర్న్‌లో (రోజువారీ ఆటకి లేన్ మీద నూనె పూసే తీరు) నూనె సుమారు 40 అడుగుల దాకా ఉంటుంది, మధ్యలో చిక్కగా, అంచుల్లో పల్చగా. రియాక్టివ్ బంతి (బాగా తిరిగే పైపూత ఉన్నది) నూనె మీద జారి, పొడి భాగం తగలగానే ఎడమకి తిరుగుతుంది. పిన్నుల అంకెలు ముందు వరస నుంచి, ఎడమ నుంచి కుడికి: 1, తర్వాత 2-3, 4-6, చివర 7-10. బంతి 1, 3 పిన్నుల సందులో పడాలి. నేరుగా 1కి గుద్దుకుంటే 22/11కి జరగండి. 3 వైపు తేలిపోతే 18/9. బంతి ఎటు తప్పితే మీరూ అటే, పాదం రెండు, గురి ఒకటి. ఎడమచేతి వాటానికి అన్నీ తిరగేసుకోవాలి.

వేగం, స్పిన్, నిలబడే చోటు మూడూ ఒకేసారి మార్చేస్తారు చాలామంది. ఏది పనిచేసిందో ఇక తెలిసేదెలా? ఒక్కోటే మార్చండి. కొన్ని గేములయ్యాక బంతి వెళ్లే దారిలో నూనె అరిగి, అదే త్రో ముందుగానే తిరిగి స్ప్లిట్లు (మధ్యలో ఖాళీతో దూరంగా నిలిచిన పిన్నులు) మిగులుస్తుంది. గేమ్‌ని తిట్టుకోకుండా ఎడమకి జరగండి. సందులోనే తగిలినా 10వ పిన్ నిలబడి, 6వది నీరసంగా గట్టర్‌లోకి (లేన్ పక్కన కాలువ) ఒరిగిందంటే, బంతి ముందే తిరిగి ఓపిక అయిపోయిందని అర్థం. మందు అదే.

టీవీలో గేమ్ మోడ్ వేయకపోతే బటన్ నొక్కడానికీ చేయి వదలడానికీ మధ్య ఆలస్యం వస్తుంది. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ తీసేయండి. మే నెలలో బొటనవేలికి చెమట పడితే స్వైప్ వంకర పోతుంది; రుమాలు పక్కనే పెట్టుకోండి.

అసలు స్కోరు స్పేర్లలో, అంటే మిగిలిన పిన్నుల్ని రెండో బంతికి తీయడంలో ఉంది. పది ఫ్రేముల్లోనూ (ఒక్కో వంతు ఒక ఫ్రేము) 9 పడగొట్టి మిగిలినదాన్ని వదిలేస్తే 90. ఆ ఒక్క పిన్నూ ప్రతిసారీ తీసి, చివరి బంతికీ 9 పడితే 190! గురి మార్చకుండా, స్ట్రైక్‌కి నిలబడ్డ చోటు నుంచి 2వ పిన్‌కి మూడు బోర్డులు కుడికి, 4కి ఆరు, 7కి తొమ్మిది జరగాలి. 3, 6, 10 పిన్నులకి ఎడమకి అవే అంకెలు. 10కి మాత్రం రియాక్టివ్ బంతిని నమ్ముకోకపోవడం మేలు, అది తిరిగి పిన్‌ని తప్పించుకుంటుంది. ప్లాస్టిక్ బంతి తీసి, స్పిన్ సున్నా చేసి, పాదం 32 దగ్గర పెట్టి, మధ్య బాణం మీదుగా అడ్డంగా వేయండి. ప్రాక్టీస్ మోడ్‌లో కావలసిన పిన్ను నిలబెట్టుకునే వీలుంటే, ముందు 7, 10 మాత్రమే పెట్టుకుని వేయండి.