తింటూనే చిక్కిపోతున్న ముసలి పిల్లి: ఎక్కడ మొదలుపెట్టాలి

పదేళ్లు దాటిన పిల్లిని బుట్టలో పెట్టుకుని ఎవరొచ్చినా నేను మొదట అడిగేది, పోయిన నెల బరువెంత అని. దాదాపు అందరూ బిక్కమొహం వేస్తారు. "చూస్తే తెలుస్తోంది కదండీ" అంటారు. తెలియదు. బొచ్చు కింద వెన్ను తేలేదాకా కంటికి ఆనదు. పిల్లిని చంకనెత్తుకుని మనుషుల మిషన్ ఎక్కితే చిన్న తేడాలు దొరకవు. పసిపిల్లల కాటా గానీ కిరాణా కొట్టు కాటా గానీ వాడి, పదిహేను రోజులకోసారి రాసి పెట్టుకోండి. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గడమంటే అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గడమే. "వయసైపోయింది లెండి" అనేది జబ్బు పేరు కాదు.

గిన్నె దాకా వచ్చి వెనక్కి పోతోంది, ఒకవైపే నములుతోంది
పెదవి ఎత్తి చూడండి. పళ్లకి గార, ఎర్రటి చిగుళ్లు, కంపు ఉంటే డాక్టర్ మత్తిచ్చి శుభ్రం చేస్తారు, పాడైనవి పీకేస్తారు. మీరు వేసుకునే పారాసెటమాల్ ముక్క కూడా పెట్టకండి, పిల్లికి అది విషం.

అసలు ముట్టడం లేదు
మన విశాఖ సముద్రపు గాలికి విప్పిన ప్యాకెట్ గింజలు మెత్తబడి వాసన మారతాయి. కొత్తది విప్పి చూడండి. అదీ ముట్టకపోతే రెండో రోజు దాకా ఆగొద్దు, పస్తున్న పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది.

నీళ్లు తెగ తాగుతోంది, ఉచ్చ ఎక్కువైంది
కిడ్నీ లేదా షుగర్ కావచ్చు. రక్తం, మూత్రం రెండూ పరీక్ష చేయించండి.

ఆవురావురుమని తింటోంది, అయినా తగ్గుతోంది
నన్ను దెబ్బకొట్టింది ఇదే. పెదవాల్తేరులో మా పదమూడేళ్ల ఆడపిల్లి, హార్బర్ నుంచి తెచ్చిన కానాగంత చేపలు ఉడుకుతుంటే స్టవ్ గట్టెక్కి కూర్చునేది. రాత్రి రెండింటికి లేచి అరుస్తూ ఇల్లంతా తిరిగేది. ఈ వయసులో ఎంత హుషారో అని మురిసిపోయాం. రక్తపరీక్ష రిపోర్టులో టీ4, అంటే థైరాయిడ్ హార్మోన్, నార్మల్ పరిధిలోనే, పై అంచుకి దగ్గరగా ఉంది. పరీక్ష చేసినవాళ్లు నార్మల్ అన్నారు, మేమూ నమ్మాం. నాలుగు నెలలు పోయాయి.

థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే ఒళ్లు తిన్నదంతా కాల్చేస్తుంది. టీ4 రోజుకో రకంగా ఊగుతుంది, పక్కనే ఇంకో జబ్బుంటే కిందికి దిగి నార్మల్‌లా కనిపిస్తుంది. అందుకే లక్షణాలున్న ముసలి పిల్లికి నార్మల్ పరిధి పై సగంలో వచ్చిన అంకెని క్లీన్ చిట్ అనుకోకూడదు. కొన్ని వారాలాగి మళ్లీ చేయించండి, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4) కూడా అడగండి, గొంతు దగ్గర గడ్డ తగులుతుందేమో డాక్టర్‌ని తడిమి చూడమనండి. ఆ గడ్డ చాలాసార్లు క్యాన్సర్ కాదు.

మందు మెథిమజోల్ లేదా కార్బిమజోల్, సాధారణంగా జీవితాంతం. మోతాదు డాక్టర్‌దే, ఇంట్లో అమ్మ వేసుకునే థైరాయిడ్ మాత్ర కాదు. మనుషుల్లో చాలామందిది తక్కువైన థైరాయిడ్, ఇది దానికి తిరగబడిన కేసు.

ఇక్కడే రెండో దెబ్బ. థైరాయిడ్ జోరుకి కిడ్నీలకి రక్తం ఎక్కువగా పారుతుంది, పైగా కండ కరిగి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె తక్కువగా కనిపిస్తుంది. మాత్ర మొదలుపెట్టాక అప్పటిదాకా దాగిన కిడ్నీ జబ్బు ఉంటే బయటపడుతుంది. మాకు మూడో వారంలో పడింది. మోతాదు తగ్గించి, కిడ్నీ తిండికి మార్చాల్సొచ్చింది. కాబట్టి మందుకి ముందొకసారి, మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో మరోసారి టీ4, కిడ్నీ పరీక్షలు చేయించండి. బీపీ కూడా చూడమనండి, అది పెరిగితే చూపు హఠాత్తుగా పోవచ్చు. మొహం గోక్కోవడం, వాంతులు మొదలైతే వెంటనే ఫోన్ చేయండి.

ఇవన్నీ శుభ్రంగా వస్తే కడుపు స్కాన్, పేగు గోడ మందంగా ఉందేమో అప్పుడు చూస్తారు. పురుగుల మందు వేసేయండి, కానీ బయటికి పోని ముసలి పిల్లికి అసలు కారణం అదే కావడం అరుదు. దాని మీద నెల పోగొట్టుకోకండి.