క్లాసికల్ పునాది మీద కట్టిన ప్రోగ్ రాక్‌ని ఎలా వినాలి: ఒక్క ట్యూన్ పట్టుకోండి, వదలకండి

చాలామంది ప్రోగ్ రాక్ (ప్రోగ్రెసివ్ రాక్, పొడుగాటి పాటలు కట్టే ఒక రకం రాక్ మ్యూజిక్) ఒకసారి మొదలుపెట్టి ఎనిమిదో నిమిషంలో ఆపేస్తారు, ఆపేసి ఇది మనకి ఎక్కదులే అనుకుంటారు. ఎక్కకపోవడానికి కారణం పాట పొడుగు కాదండి. మామూలు పాటకి పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అని ఒక దారి ఉంటుంది, చెవికి ఆ దారి ముందే తెలుసు కాబట్టి ఎక్కడా తప్పిపోం. 1970ల మొదట్లో ఇంగ్లాండ్‌లో యెస్, జెనెసిస్, ఎమర్సన్ లేక్ అండ్ పామర్ లాంటి బ్యాండ్లు చేసిన పొడుగాటి పాటల్లో ఉండే దారి వేరు, అది వెస్టర్న్ క్లాసికల్ మ్యూజిక్‌లోని సింఫనీల నుంచి (ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద రచనలు), సొనాటాల నుంచి (ఒకటి రెండు వాయిద్యాల కోసం రాసేవి) తెచ్చుకున్నది. అందులో ఒక ట్యూన్ పుడుతుంది, కాసేపు కనపడకుండా పోతుంది, వేషం మార్చుకుని వస్తుంది, ఇంకో ట్యూన్‌తో కలబడుతుంది, చివర్లో ఇంతకింత పెద్దదై తిరిగొస్తుంది. ఆ ట్యూన్‌ని ప్రతి వేషంలోనూ గుర్తుపట్టడం వచ్చిందంటే ఇరవై నిమిషాలు ఎలా గడిచాయో తెలీదు. ఆ ఒక్క పని ఎలా అలవాటు చేసుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నా.

ముందు చిన్న చిన్న ఏర్పాట్లు. ప్లేయర్‌లో షఫుల్ ఆఫ్ చేయండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసేది) ఉంటే అదీ ఆఫ్ చేయండి, ఎందుకంటే ఈ ఆల్బమ్స్‌లో ఒక ట్రాక్ చివర నిశ్శబ్దం కూడా లెక్కపెట్టుకుని పెట్టిందే. ఫోన్ స్పీకర్‌లో వద్దు, బేస్ లైన్ వినపడకపోతే సగం కథ పోయినట్టే, మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా చాలు. ఇవన్నీ ఎల్పీ (రెండు వైపులా మోగే పెద్ద రికార్డ్) రోజుల పాటలు, ఒక సైడ్‌కి దాదాపు ఇరవై నిమిషాలు పట్టేది, అందుకే కూర్చున్న ప్రతిసారీ ఒక సైడ్ అని పెట్టుకోండి. ఇంకొకటి, మొదటిసారి వింటున్నప్పుడు లిరిక్స్ తెరిచి చదవకండి. చదువుతుంటే చెవి మాటల వెంట పోతుంది, ట్యూన్ జారిపోతుంది.

మొదటి ప్రాక్టీస్ చిన్నదానితో చేద్దాం. జర్మన్ కంపోజర్ బాఖ్ ల్యూట్ (గిటార్ లాంటి పాత తీగ వాయిద్యం) కోసం E మైనర్ స్కేల్‌లో రాసిన సూట్‌లో (డాన్స్ ముక్కల వరస) బూరే అని ఒక చిన్న డాన్స్ ముక్క ఉంది, గిటార్ మీద వాయించింది ఎక్కడైనా దొరుకుతుంది, ఒకటిన్నర రెండు నిమిషాలు. దాన్ని వరసగా మూడు నాలుగుసార్లు వినండి, నోటితో హమ్ చేయగలిగేదాకా. ఇప్పుడు జెత్రో టల్ అనే బ్యాండ్ 1969 ఆల్బమ్ స్టాండ్ అప్‌లో ఉన్న బూరే పెట్టండి. ముందు ఫ్లూట్ అదే ట్యూన్‌ని వాయిస్తుంది, కానీ కింద బేస్, డ్రమ్స్ జాజ్ ఊపుతో నడుస్తుంటాయి, తర్వాత ఫ్లూట్ ట్యూన్ వదిలేసి తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది, అక్కడ మీరు మాత్రం లోపల అసలు ట్యూన్ హమ్ చేస్తూనే ఉండండి, ఆగకండి. అది తిరిగి వచ్చినప్పుడు ఇంటికి చేరినట్టు ఉంటుంది చూడండి, ఆ ఫీలింగ్ కోసమే ఈ మ్యూజిక్ అంతా. నాలుగు నిమిషాల పాటలో అది దొరికితే ఇరవై నిమిషాల పాటలో కూడా దొరుకుతుంది, ఎదురుచూపు ఎక్కువ, అంతే తేడా.

రెండో మెట్టు, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు, పిక్చర్స్ ఎట్ ఎన్ ఎగ్జిబిషన్. ముస్సోర్‌గ్‌స్కీ అనే రష్యన్ కంపోజర్ 1874లో పియానో కోసం రాశాడు. ఆయన స్నేహితుడు హార్ట్‌మన్ అనే ఆర్టిస్ట్ చిన్న వయసులో చనిపోయాడు, ఆయన బొమ్మలతో ఒక ఎగ్జిబిషన్ పెట్టారు, అక్కడ ఒక్కో బొమ్మ దగ్గర ఆగి చూస్తూ నడుస్తున్నట్టు ఈ మ్యూజిక్ ఉంటుంది. బొమ్మకీ బొమ్మకీ మధ్య నడకకి ఒక ట్యూన్ ఉంది, పేరు ప్రోమెనేడ్. ఆ నడక ఐదు బీట్లు, ఆరు బీట్లు మార్చి మార్చి పడుతుంది, అందుకే ఎక్కడా మార్చింగ్‌లా వినపడదు, మనిషి ఆలోచిస్తూ నడుస్తున్నట్టు ఉంటుంది. చాలామంది 1922లో ఫ్రెంచ్ కంపోజర్ రావెల్ చేసిన ఆర్కెస్ట్రా వెర్షన్‌తో మొదలుపెట్టమంటారు, నేను మాత్రం పియానో వెర్షనే ముందు వినమంటా, రంగులు లేకుండా గీత ఒక్కటే కనపడితే గుర్తుపెట్టుకోవడం తేలిక.

ఇప్పుడు ఎమర్సన్ లేక్ అండ్ పామర్ వెర్షన్. 1971 మార్చి 26న న్యూకాజిల్ సిటీ హాల్‌లో లైవ్‌గా రికార్డ్ చేశారు. ముగ్గురే మనుషులు. ప్రోమెనేడ్ మూడుసార్లు వస్తుంది, మొదటిసారి ఆర్గాన్ ఒక్కటే, రెండోసారి బ్యాండ్ సింగర్ గ్రెగ్ లేక్ దానికి మాటలు పెట్టి పాడతాడు, మూడోసారి బ్యాండ్ అంతా కలిసి. ముస్సోర్‌గ్‌స్కీ పది బొమ్మల్లో వీళ్ళు తీసుకున్నవి నాలుగే, మిగతా చోట్ల సొంత ముక్కలు పెట్టుకున్నారు, ద సేజ్ అనేది లేక్ సొంతంగా రాసుకున్న అకూస్టిక్ గిటార్ పాట. వింటూ ఒక కాగితం మీద ఇది ముస్సోర్‌గ్‌స్కీ, ఇది వీళ్ళది అని గీత గీసుకుంటూ పోండి. మొదటిసారి తప్పులు పోతాయి, పోనివ్వండి, రెండోసారికి మూడొంతులు కరెక్ట్ వస్తాయి. ఈ పని చేసినవాళ్ళకి ప్రోగ్ మీద భయం పోతుందని నేను ఖాయంగా చెప్తా.

ఇక్కడ ఒక మాట. క్లాసికల్ ప్రభావం అనగానే జనం ఆర్కెస్ట్రా ఎక్కడుంది అని వెతుకుతారు. నాకు అది అన్నిటికన్నా పైపైన ఉండే ప్రభావం అనిపిస్తుంది. మూడీ బ్లూస్ అనే బ్యాండ్ వాళ్ళు 1967లో డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్డ్ చేశారు, ఆల్బమ్ అందంగా ఉంటుంది, కానీ జాగ్రత్తగా వింటే చాలాచోట్ల బ్యాండ్ ఆపాక ఆర్కెస్ట్రా మొదలవుతుంది, ఆర్కెస్ట్రా ఆపాక బ్యాండ్, రెండూ పక్కపక్క గదుల్లో ఉన్నట్టు. డీప్ పర్పుల్ అనే బ్యాండ్ కీబోర్డ్ ప్లేయర్ జాన్ లార్డ్ 1969 సెప్టెంబర్ 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో చేసిన కాన్సర్టో ఇంకో రకం, అక్కడ మొదటి మూవ్‌మెంట్‌లో (అంటే మొదటి భాగంలో) బ్యాండూ రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఎదురెదురు నిలబడి వాదించుకుంటాయి, అది నాకు నచ్చుతుంది, ఎందుకంటే కాన్సర్టో అంటేనే అది కదా, ఒకరికీ గుంపుకీ మధ్య జరిగేది. అయినా సరే, ఆర్కెస్ట్రా ఉందా లేదా అన్నది కాదు, ట్యూన్‌ని ఏం చేశారు అన్నదే చూడండి.

ఆర్కెస్ట్రా లేకుండానే వయొలిన్లు వినపడుతుంటే అది మెలోట్రాన్ అనే కీబోర్డ్. కింగ్ క్రిమ్సన్ అనే బ్యాండ్ 1969 మొదటి ఆల్బమ్‌లో ఆ అలల్లాంటి సౌండ్ అదే. ఒక్కో కీ కింద ఒక్కో టేప్ ముక్క ఉంటుంది, కీ నొక్కితే టేప్ కదిలి రికార్డ్ చేసిన వయొలిన్లో ఫ్లూటో మోగుతుంది, దాదాపు 8 సెకన్లకి టేప్ అయిపోతుంది, వేలు తీసి మళ్ళీ నొక్కాలి. ఆ కొంచెం వణుకు, కొంచెం పాతబడినట్టుండే సౌండ్ ఎందుకో ఇది తెలిస్తే అర్థమవుతుంది. నాకైతే నిజం ఆర్కెస్ట్రా కన్నా ఇదే గుండెకి తగులుతుంది.

ఇప్పుడు అసలు పని. జెనెసిస్ 1973 ఆల్బమ్ సెల్లింగ్ ఇంగ్లాండ్ బై ద పౌండ్‌లో ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్ అని తొమ్మిదిన్నర నిమిషాల పాట. ఇందులో అప్పు తెచ్చిన ట్యూన్ ఏదీ లేదు, తెచ్చుకున్నది కట్టే పద్ధతి మాత్రమే. బ్యాండ్ కీబోర్డ్ ప్లేయర్ టోనీ బ్యాంక్స్ ఒంటరి పియానోతో మొదలవుతుంది, ఆ ముక్కని గుర్తుపెట్టుకోండి. పాట వస్తుంది, అయిపోతుంది, అప్పుడు ఫ్లూట్ ఒక దిగులు ట్యూన్ వాయిస్తుంది, దాన్నీ గుర్తుపెట్టుకోండి. చేతిలో రెండున్నాయి ఇప్పుడు. తర్వాత మొదటి పియానో ముక్క బ్యాండ్ అంతటితో, సింథసైజర్‌తో తిరిగొస్తుంది, ఆ వెంటనే స్టీవ్ హ్యాకెట్ గిటార్ అందుకుంటుంది. చాలామంది దాన్ని గొప్ప గిటార్ సోలో అని మాత్రమే చెప్తారు, కానీ ఆయన వాయించేది ఇందాకటి ఫ్లూట్ ట్యూనే. అదే ట్యూన్, నెమ్మదిగా, సాగదీసి, కింద మెలోట్రాన్ పరిచి. ఫ్లూట్ దగ్గర చిన్న బాధలా ఉన్నది గిటార్ దగ్గరికి వచ్చేసరికి సముద్రమంత అవుతుంది. ఇది పట్టుకున్న రోజు నేను అదే పాట ఆ రాత్రి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, అప్పటిదాకా సోలో అంటే వేళ్ళ వేగం అనుకునేవాణ్ణి.

దాని తర్వాత యెస్ వాళ్ళ క్లోజ్ టు ద ఎడ్జ్, 1972, దాదాపు 19 నిమిషాలు, ఒక సైడ్ మొత్తం. నాలుగు భాగాలు. పక్షుల అరుపులు, నీళ్ళ చప్పుడుతో మొదలై ఒక్కసారిగా బ్యాండ్ మీద పడుతుంది, అక్కడే సగంమంది పారిపోతారు, మీరు మాత్రం మూడు నిమిషాలు ఓపిక పట్టండి, ఆ గందరగోళం లోంచి గిటార్ ఒక శుభ్రమైన ట్యూన్ తీసుకొస్తుంది, మీరు పట్టుకోవాల్సింది అదే. దీన్ని మూడుసార్లు వినమంటా, మూడు వేర్వేరు రోజుల్లో. మొదటి రోజు ఏమీ వెతక్కండి. రెండో రోజు ఐ గెట్ అప్ ఐ గెట్ డౌన్ అనే మాటల్ని మాత్రమే గమనించండి, మొదటి భాగంలో అవి హడావిడిగా ఒక మూలన వచ్చి పోతాయి, మూడో భాగంలో అంతా నెమ్మదించి ఆ మాటల చుట్టూనే ఒక పెద్ద గుడి కట్టినట్టు ఉంటుంది, అక్కడ రిక్ వేక్‌మన్ వాయించిన చర్చ్ ఆర్గాన్ కూడా వస్తుంది, చివర్లో మళ్ళీ అవే మాటలతో పాట ముగిసి పక్షులు, నీళ్ళు తిరిగొస్తాయి. మూడో రోజు క్రిస్ స్క్వైర్ బేస్ ఒక్కటే వినండి, పైన ఏం జరుగుతున్నా పట్టించుకోకండి. మొదటి రెండు భాగాల్లో పాట ట్యూన్ దాదాపు ఒకటే అయినా కింద బేస్, డ్రమ్స్ వేరేగా నడుస్తాయి, సింఫనీల్లో థీమ్‌ని డెవలప్ చేయడం అంటారే అది చేతికి తగిలినట్టు తెలుస్తుంది.

బీట్లు లెక్కపెట్టడం గురించి ఎక్కువ చెప్పను, అది లేకపోయినా ఆనందం తగ్గదు. నేర్చుకోవాలనుంటే ఇంగ్లిష్ కంపోజర్ హోల్స్ట్ ఆర్కెస్ట్రా కోసం రాసిన ద ప్లానెట్స్‌లో మార్స్ వినండి, ఐదు బీట్ల లెక్క, మొదటి సెకను నుంచి తలుపు బాదుతున్నట్టు ఉంటుంది కాబట్టి ఐదు అంకెలు తేలిగ్గా పడతాయి. కింగ్ క్రిమ్సన్ 1969లో దీన్ని స్టేజ్ మీద వాయించేవాళ్ళు, మరుసటి ఏడాది రెండో ఆల్బమ్‌లో ద డెవిల్స్ ట్రయాంగిల్ వింటే ఆ బాదుడు నీడ తెలుస్తుంది. తర్వాత జెనెసిస్ వాళ్ళ సప్పర్స్ రెడీ అనే పాటలో 9/8 భాగం, అక్కడ కింద బ్యాండ్ తొమ్మిది లెక్క పట్టుకుని కదలదు, పైన ఆర్గాన్ ఆ లెక్కతో పనిలేనట్టు తిరుగుతుంది. వేలితో తొమ్మిది కొడుతూ చెవి ఆర్గాన్‌కి ఇవ్వండి, పది ప్రయత్నాలకి వస్తుంది.

గొంతులు ఇష్టమైతే జెంటిల్ జయంట్ అనే బ్యాండ్ 1975 ఆల్బమ్ ఫ్రీ హ్యాండ్‌లో ఆన్ రిఫ్లెక్షన్. ఒక గొంతు ట్యూన్ మొదలుపెడుతుంది, అది నడుస్తుండగానే రెండోది అదే ట్యూన్ అందుకుంటుంది, తర్వాత మూడు, నాలుగు. బాఖ్ ఫ్యూగ్‌లు ఇలాగే నడుస్తాయి. కిటుకేంటంటే మొదటి గొంతు వెంట పోకండి, రెండోది ఎప్పుడు దిగుతుందా అని కాచుకుని దాని వెంట పోండి, అప్పుడు మిగతావి వాటంతటవే చుట్టూ సర్దుకుంటాయి.

ఇటలీ వైపు వెళ్తే న్యూ ట్రోల్స్ అనే బ్యాండ్ 1971 కాన్సర్టో గ్రోసో ఉంది, లూయిస్ బకలోవ్ రాశాడు, పాత బరోక్ (బాఖ్ కాలం నాటి) కాన్సర్టోల్లాగే బ్యాండూ తీగ వాయిద్యాల గుంపూ వంతులు వేసుకుని వాయిస్తాయి. బాగా అలవాటయ్యాకే ఎమర్సన్ లేక్ అండ్ పామర్ టొకాటా జోలికి వెళ్ళండి, అది అర్జెంటీనా కంపోజర్ హినాస్తెరా 1961 పియానో కాన్సర్టో చివరి మూవ్‌మెంట్, ఒరిజినలే ఉక్కు ఫ్యాక్టరీలా ఉంటుంది, వీళ్ళు సింథసైజర్లతో ఇంకా బాదారు, విని ఆ కంపోజరే ఒప్పుకున్నాడు. దీనితో మొదలుపెట్టినవాళ్ళు మళ్ళీ ప్రోగ్ వైపు రావడం కష్టం.

ఇదంతా అయ్యాక వెనక్కి తిరిగి ఒక పని చేయండి. యెస్ ఫ్రాజైల్ ఆల్బమ్‌లో వేక్‌మన్ జర్మన్ కంపోజర్ బ్రామ్స్ నాలుగో సింఫనీ మూడో మూవ్‌మెంట్ ముక్కని కీబోర్డుల మీద వాయించాడు, నిమిషంన్నర ఉంటుంది, సరదాగా ఉంటుంది. అది విని అసలు సింఫనీ తెరవండి, మూడో మూవ్‌మెంట్ వినేసి ఆపకుండా నాలుగోదాంట్లోకి వెళ్ళిపోండి. మొదట్లోనే ఎనిమిది బార్ల (బార్ అంటే బీట్ల చిన్న గుంపు) థీమ్ ఒకటి గట్టిగా వినపడుతుంది, అదే థీమ్ మీద 30 వేరియేషన్లు, అంటే ఆ థీమ్ మార్చుకున్న వేషాలు, వరసగా వస్తాయి. థీమ్‌ని లోపల హమ్ చేస్తూ వేళ్ళ మీద లెక్కపెడుతూ పొండి. పన్నెండో దాంట్లో అంతా సద్దుమణిగి ఫ్లూట్ దాదాపు ఒంటరిగా మిగులుతుంది, చాలా మెల్లగా. అక్కడ వాల్యూమ్ పెంచకండి, చెవి దగ్గరికి తీసుకెళ్ళండి.