ఐసీఎంఆర్ పరిశోధన గ్రాంటుకు దరఖాస్తు చేసే విధానం

భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, తన సొంత సంస్థల్లో జరిగే పరిశోధనకే కాక, దేశంలోని వైద్య కళాశాలలు, విశ్వవిద్యాలయాలు, గుర్తింపు పొందిన పరిశోధన సంస్థల్లో పనిచేసేవారు ప్రతిపాదించే ప్రాజెక్టులకు కూడా నిధులు ఇస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చేసే పని మొదటి కోవలోకి వస్తే, గుంటూరులోనో వరంగల్‌లోనో ప్రభుత్వ వైద్య కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నవారు పంపే ప్రతిపాదన రెండో కోవలోకి వస్తుంది. ఈ రెండో రకాన్ని ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంటు అంటారు. ఇందులో పరిశోధకులే అంశాన్ని ఎంచుకుని పంపే ప్రతిపాదనలకు రెండు స్థాయిలు ఉన్నాయి. రూ.2 కోట్ల లోపు వ్యయంతో మూడేళ్లలో ముగిసే పనికి స్మాల్ గ్రాంటు, రూ.2 కోట్ల నుంచి రూ.8 కోట్ల వరకు వ్యయమై నాలుగేళ్ల దాకా సాగే పనికి ఇంటర్మీడియట్ గ్రాంటు. ఇవి కాక, ఫలానా వ్యాధి లేదా ఫలానా సమస్యపై ఐసీఎంఆరే అంశాన్ని నిర్ణయించి ప్రతిపాదనలు కోరే ప్రకటనలు కూడా వెలువడుతుంటాయి. తొలిసారి దరఖాస్తు చేసేవారు స్మాల్ గ్రాంటుతో మొదలుపెట్టడమే మేలు. పెద్ద గ్రాంటుకు అనేక కేంద్రాలను సమన్వయం చేసిన అనుభవం చూపించాల్సి ఉంటుంది కాబట్టి, అది లేకుండా పెద్ద మొత్తం అడిగితే ప్రతిపాదన ఎంత బాగున్నా సమీక్షకులకు నమ్మకం కలగదు.

దరఖాస్తుదారులు మొదట గ్రహించాల్సిన విషయం ఒకటుంది. గ్రాంటు మంజూరయ్యేది ప్రధాన పరిశోధకుడి పేరు మీదే అయినా, డబ్బు వచ్చేది సంస్థ ఖాతాకు, లెక్క చెప్పాల్సింది సంస్థ అధిపతి. అందువల్ల ప్రధాన పరిశోధకుడు ఆ సంస్థలో రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి. కళాశాల ప్రిన్సిపల్ లేదా డైరెక్టర్ సంతకంతో సమ్మతి పత్రం జతచేయాలి. స్వచ్ఛంద సంస్థలు, ప్రైవేటు పరిశోధన సంస్థలైతే కేంద్ర శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన విభాగం ఇచ్చే గుర్తింపు, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు వంటివి సిద్ధంగా ఉంచుకోవాలి. ప్రభుత్వ కళాశాలల్లో బదిలీలు తప్పవు కనుక, అదే సంస్థ నుంచి కనీసం ఒక సహ పరిశోధకుడిని మొదటి రోజు నుంచే చేర్చుకోవాలి. ప్రధాన పరిశోధకుడు మధ్యలో బదిలీ అయితే ఐసీఎంఆర్ అనుమతితో బాధ్యత తీసుకోవడానికి అప్పుడు ఒకరు ఉంటారు.

దరఖాస్తు అంతా ఐసీఎంఆర్ ప్రాజెక్టుల ఆన్‌లైన్ వేదిక అయిన ఇ-పీఎంఎస్ పోర్టల్ ద్వారానే సాగుతుంది. ప్రధాన పరిశోధకుడు తన వివరాలు, విద్యార్హతలు, ప్రచురణలు, ఇప్పటికే చేతిలో ఉన్న ప్రాజెక్టులతో ఖాతా తెరుచుకోవాలి. ప్రకటన వెలువడ్డాక అందులో ఇచ్చిన నమూనాలోనే, ఒక్కో భాగానికి నిర్దేశించిన పదాల పరిమితి దాటకుండా ప్రతిపాదన నింపాలి. ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆగితే సర్వర్ మొరాయించడం మామూలే. ప్రకటన కోసం ఎదురుచూసే నెలల్లోనే ముసాయిదా సిద్ధం చేసి పెట్టుకుంటే, వెలువడ్డాక మిగిలేది దాన్ని నమూనాలోకి ఇమిడ్చే పనే.

ప్రతిపాదన రాయడం

సమీక్షకులు ముందుగా చూసేది పరిశోధన ప్రశ్న, లక్ష్యాలు, పద్ధతి ఒకదానికొకటి అతుకుతున్నాయా అన్నది. ఉదాహరణకు అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ గ్రామాల్లో సికిల్ సెల్ వ్యాధిపై, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య వ్యాధిపై, ప్రతిపాదన అనుకుందాం. దేశంలో ఈ వ్యాధిని 2047 నాటికి నిర్మూలించాలన్న జాతీయ కార్యక్రమం 2023 జులైలో మొదలైంది కాబట్టి ప్రాధాన్యం గురించి పేజీలు నింపనక్కరలేదు. ‘గిరిజనుల్లో సికిల్ సెల్ వ్యాధిని అధ్యయనం చేయడం’ అని లక్ష్యం రాస్తే అది శీర్షిక అవుతుంది తప్ప లక్ష్యం కాదు. ‘ఫలానా మండలాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పుట్టిన శిశువులకు తొలి వారంలోనే పరీక్ష చేసి, వ్యాధి ఉన్నట్టు తేలినవారిని రెండు నెలల లోపు చికిత్సలో చేర్చే ఏర్పాటు ఎంతవరకు సాధ్యమవుతుందో కొలవడం’ అంటే, ఏం కొలుస్తారో, ఎప్పుడు కొలుస్తారో, ఎవరిలో కొలుస్తారో స్పష్టమవుతుంది.

అక్కడితో ఆగితే చాలదు. గ్రామాల్లో పెద్దలకు వాడే సాల్యుబిలిటీ పరీక్ష, అంటే రక్తాన్ని ఒక ద్రావణంలో కలిపి చూసే తేలిక పరీక్ష, నవజాత శిశువుల్లో పనికిరాదు. పుట్టిన కొత్తలో రక్తంలో గర్భంలో ఉన్నప్పటి రకమైన ఫీటల్ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండటంతో వ్యాధి ఉన్నా లేదన్నట్టు ఫలితం రావచ్చు. అందుకని మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను ఫిల్టర్ కాగితంపై ఆరబెట్టి, హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఉన్న ప్రయోగశాలకు పంపాలని పద్ధతిలోనే రాయాలి. ఆ ప్రయోగశాల ఎక్కడ ఉంది, వర్షాకాలంలో రోడ్లు తెగినప్పుడు నమూనాలు ఎలా చేరతాయి, ఫలితం తల్లికి ఎవరు చెబుతారు, కువి, కొండ దొర వంటి స్థానిక భాషల్లో సమ్మతి పత్రం వివరించే మనిషి ఎవరు అన్నవి కూడా పద్ధతిలో భాగమే. ఇలాంటి నాలుగు వాక్యాలు లేకపోతే, ఆ ప్రాంతంలో కాలుపెట్టని వ్యక్తి రాసిన ప్రతిపాదన అని సమీక్షకుడు ఇట్టే పసిగడతాడు.

నమూనా పరిమాణం, అంటే ఎంతమందిని పరిశీలించాలన్న లెక్క, ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినే చోటు. అంచనా వేసిన వ్యాప్తి రేటు ఎంత, దాన్ని ఏ ప్రచురణ నుంచి తీసుకున్నారు, ఎంత కచ్చితత్వం కోరుతున్నారు, గ్రామాల సమూహాలను ఎంచుకుంటే అందుకు నమూనాను పెంచే గుణకం, అంటే డిజైన్ ఎఫెక్ట్, ఎంత వేశారు, పాల్గొనడానికి నిరాకరించేవారికి ఎంత శాతం కలిపారు అన్న వివరాలు లేకుండా ఒక అంకె మాత్రమే రాయడం సరిపోదు. ప్రతిపాదన రాసే దశలోనే ఒక బయోస్టాటిస్టిక్స్ నిపుణుడిని సహ పరిశోధకుడిగా తీసుకోవడం ఉత్తమం.

బడ్జెట్

బడ్జెట్‌లో సిబ్బంది, పరికరాలు, వినియోగ వస్తువులు, ప్రయాణాలు, చిల్లర ఖర్చులకు కంటింజెన్సీ, సంస్థ నిర్వహణ ఖర్చుల కింద దానికి చెందే ఓవర్‌హెడ్ అనే పద్దులు ఉంటాయి. సిబ్బంది పోస్టులకు సొంత పేర్లు పెట్టకూడదు. ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్, ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్ వంటి ఐసీఎంఆర్ నిర్ణయించిన పేర్లను, వాటికి అప్పటికి అమల్లో ఉన్న వేతన రేట్లనే వాడాలి. ఇంటి అద్దె భత్యం ఊరిని బట్టి మారుతుంది. ఈ భత్యం కోసం కేంద్రం చేసిన నగరాల వర్గీకరణలో హైదరాబాద్ ఎక్కువ రేటున్న ఎక్స్ తరగతి నగరం కాగా విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు, వరంగల్ వై తరగతిలో ఉన్నాయి. ఏజెన్సీలో పనిచేసే క్షేత్ర సిబ్బందికి హైదరాబాద్ లెక్కన భత్యం వేస్తే అభ్యంతరం తప్పదు. పరికరం కొనాలని అడిగేటప్పుడు అది సంస్థలో ఇప్పటికే లేదని, ఉన్నా ఈ పనికి దొరకదని కారణం చూపాలి. మంజూరైన తర్వాత కొనుగోళ్లు ప్రభుత్వ నిబంధనల ప్రకారం, ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల వేదిక అయిన జెమ్ పోర్టల్‌లో దొరికే వస్తువులైతే అక్కడి నుంచే చేయాల్సి ఉంటుంది కనుక, ధరలను ఆ దృష్టితోనే అంచనా వేసుకోవాలి.

అనుమతులు

మనుషులపై చేసే ఏ పరిశోధనకైనా, అందులో పాల్గొనేవారి క్షేమాన్ని, హక్కులను పరిశీలించే సంస్థ ఎథిక్స్ కమిటీ ఆమోదం కావాలి. ఆ కమిటీ కూడా కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం వద్ద నమోదై ఉండాలి. జిల్లాల్లోని కొన్ని కళాశాలల్లో కమిటీ ఉన్నా, నమోదు గడువు ముగిసిపోయిన సంగతి ఎవరూ గమనించరు. కాబట్టి ప్రతిపాదన కన్నా ముందు ఆ కాగితం తెప్పించుకుని చూడాలి. చికిత్సా ప్రయోగమైతే మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే దేశంలోని చికిత్సా ప్రయోగాల రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి ఆలస్యపు నమోదును అక్కడ అంగీకరించడం లేదు. జంతువులపై ప్రయోగాలకు జంతు ఎథిక్స్ కమిటీ, జన్యుమార్పిడి పనులకు బయోసేఫ్టీ కమిటీ అనుమతులు వేరుగా కావాలి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న తెలుగు శాస్త్రవేత్తలతో కలిసి పనిచేసేటప్పుడు, ముఖ్యంగా విదేశీ నిధులు ఉంటే, ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కూడా పొందాలి. దీనికి నెలలు పట్టవచ్చు కనుక ముందే మొదలుపెట్టాలి.

మంజూరు తర్వాత

దరఖాస్తులను ముందు అర్హత కోణంలో వడపోసి, తర్వాత నిపుణులకు పంపుతారు. వారి వ్యాఖ్యలపై వివరణ అడిగితే గడువులోగా, ఒక్కో వ్యాఖ్యకు విడివిడిగా జవాబివ్వాలి. ఒప్పుకోదగిన సూచనను ఒప్పుకుని పద్ధతిలో మార్పు చూపడం, ఒప్పుకోలేనిదానికి కారణం చెప్పడం రెండూ మర్యాదే. బడ్జెట్‌లో కోత పెట్టడం కూడా సాధారణం.

మంజూరు లేఖ వచ్చాక నిధులు ఏడాదికోసారి విడతలుగా అందుతాయి. తర్వాతి విడత రావాలంటే వార్షిక ప్రగతి నివేదికతో పాటు సాధారణ ఆర్థిక నియమావళి 2017లోని 12-ఏ నమూనాలో వినియోగ ధ్రువీకరణ పత్రం, ఖర్చుల పట్టిక పంపాలి. ఒక పద్దు డబ్బును మరో పద్దుకు మళ్లించాలన్నా, గడువు పొడిగించాలన్నా ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. గ్రాంటుతో కొన్న పరికరాలను అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదు. ప్రాజెక్టు ముగిశాక మిగిలిన సొమ్మును, బ్యాంకు ఖాతాలో దానిపై చేరిన వడ్డీతో సహా వెనక్కి జమచేసి, తుది నివేదికతో పాటు తుది లెక్కలు ఇస్తేనే ఆ ఫైలు మూతపడుతుంది.