కుంట నీటి చుక్కలో ఏకకణ జీవులను గుర్తుపట్టడం ఎలా?

నల్లగొండకు దగ్గరే కదా అని పానగల్లు ఉదయసముద్రం చెరువు నీళ్లు తేకండి. అందులోకి కృష్ణా నీళ్లు వచ్చి పోతుంటాయి. మనకు కావాల్సింది పొలాల పక్కన కదలకుండా నిలిచి, ఆకులు కుళ్లి, పాచి పట్టిన కుంట. పైనీళ్లు వద్దు, అడుగు మడ్డిని కదిపి సీసాలో సగం వరకు నింపండి. నాలుగు వరిగడ్డి పోచలు వేసి, మూత వదులుగా పెట్టి, కిటికీ దగ్గర నాలుగైదు రోజులు ఉంచండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

బడిలో ఉండే మామూలు మైక్రోస్కోప్ చాలు. స్లైడ్ మీద రెండు దూది పోగులు విడదీసి పరిచి, మడ్డి దగ్గరి నీళ్లు ఒక చుక్క వేసి, దాని మీద కప్పే పలుచని గాజుముక్క, అదే కవర్‌స్లిప్‌ను ఏటవాలుగా దించండి. పరుగెత్తేవి దూది పోగుల మధ్య చిక్కుతాయి. 100 రెట్లలో మొదలుపెట్టండి.

ఇక పేరు పెట్టడం. అందరూ తప్పేది ఇక్కడే. ఒక బడిలో సైన్స్ ప్రదర్శనకు పోతే, పిల్లలు గాలిబుడగను గీసి కింద అమీబా అని రాశారు. తప్పు పిల్లలది కాదు. పుస్తకంలో బొమ్మ చూపించి వెతకమంటే గుండ్రంగా కనబడిందల్లా అమీబాయే అవుతుంది. బుడగ అంచు నల్లగా, మందంగా, గీత గీసినట్టు ఉంటుంది. అమీబాకు అంత గట్టి అంచు ఉండదు. కాబట్టి ఆకారం తర్వాత, ముందు నడక చూడండి. కనీసం పది నిమిషాలు ఒక్కదాన్నే చూడాలి.

మెలికలు తిరుగుతూ దూసుకుపోయి, పోగుకు తగలగానే వెనక్కి జరిగి, కాస్త పక్కకు తిరిగి మళ్లీ ముందుకు పోతే అది పారామీషియం. ఆగినప్పుడు 400 రెట్లకు మార్చండి. లోపల నక్షత్రంలా విచ్చుకుని ముడుచుకునే రెండు సంకోచ రిక్తికలు, అంటే ఎక్కువైన నీటిని బయటికి తోసే సంచులు, కనబడతాయి. ఆకుపచ్చగా ఉండి, ముందు కొసన ఎర్రచుక్క ఉంటే యూగ్లీనా. గంటలాంటి తల, కింద సన్నని కాడ ఉంటే బల్ల మీద వేలితో తట్టండి, కాడ స్ప్రింగులా ముడుచుకుంటే వర్టిసెల్లా. అమీబా మాత్రం ఓపిక పరీక్షిస్తుంది. మసక ముద్దలో ఒక పక్క మెల్లగా పొడుచుకొచ్చి, లోపలి రేణువులు అటే ప్రవహిస్తే అప్పుడు రాసుకోండి.

కశాభాలు, అంటే ఈదడానికి వాడే కొరడాలాంటి సన్నని పోగులు, బాగా కనబడతాయని కొందరు ముందే అయోడిన్ వేస్తారు. కనబడతాయి, నిజమే. కానీ ప్రాణి చచ్చిపోతుంది, నడకతో పాటే గుర్తూ పోతుంది. నేనైతే అయోడిన్ చివర్లోనే వేస్తాను.

తల మీద రెండు చక్రాలు తిరుగుతున్నట్టుండి, లోపల ఏదో నమలుతూ కనబడితే అది రోటిఫర్. ఎంత చిన్నదైనా బహుకణ జీవి, దాన్ని ఈ జాబితాలో కలపకండి.

చూస్తున్నంతసేపూ కవర్‌స్లిప్ అంచు మీద ఓ కన్నేయండి. నీళ్లు తగ్గుతుంటే డ్రాపర్‌తో అంచున ఇంకో బొట్టు ఆనించండి. లేదంటే గాజు కిందికి నొక్కుకుని, మీరు పది నిమిషాలు వెంబడించిన పారామీషియం కళ్లముందే పగిలిపోతుంది.