ఉద్యోగంలో చేరే ముందు – 3వ పాఠం: అడగాల్సింది మొదటి లైన్లోనే అడగండి

పోయిన పాఠంలో కొత్త టీమ్‌కి మనల్ని మనం పరిచయం చేసుకోవడం చూశాం. ఈసారి మెయిల్. అందులోనూ ఒక్క విషయమే పట్టుకుందాం, ఎందుకంటే ఇదొక్కటి వంటబడితే మిగతావి చాలావరకు వాటంతటవే దారికొస్తాయి.

ముందు ఉపోద్ఘాతం, తర్వాత వివరాలు, చివర్లో అసలు సంగతి. పరీక్షల్లో వ్యాసాలు ఇలాగే రాసి రాసి అదే అలవాటైపోయింది మనకి. ఆఫీసులో మెయిల్ అందుకునే మనిషి దాన్ని చాలాసార్లు రెండు మీటింగుల మధ్య ఫోన్లో చూస్తారు, ఇన్‌బాక్స్‌లో కనబడేది మీ పేరు, సబ్జెక్టులో నాలుగైదు మాటలు, మొదటి లైన్లో ఓ ముక్క, అంతే.

ఇది చూడండి. సబ్జెక్టు: డౌట్.
"నమస్తే సార్. నేను గత వారమే టీమ్‌లో చేరాను. మీరిచ్చిన మార్చి రిపోర్టు చేస్తున్నాను. రెండు ఫైళ్లలో లెక్కలు రెండు రకాలుగా ఉన్నాయి. ఏం చేయాలో అర్థం కావడం లేదు. దయచేసి సాయం చేయగలరు."

మర్యాదగానే ఉంది. కానీ ఏ ఫైళ్లు, తేడా ఎంత, ఎప్పటికి కావాలి అని ఆయన మళ్లీ అడగాలి. దీన్నే తిరగరాద్దాం.

సబ్జెక్టు: మార్చి రిపోర్టుకి ఏ ఫైలు? గురువారంలోపు చెప్పగలరా
"నమస్తే సార్. మార్చి లెక్కలకి అకౌంట్స్ ఫైలు తీసుకోమంటారా, సేల్స్ ఫైలా? రెండింటికీ 42 ఆర్డర్ల తేడా ఉంది. అవన్నీ నెలాఖర్లో రద్దయినవే, సేల్స్ ఫైల్లోంచి తీసేయలేదు. అందుకని అకౌంట్స్ ఫైలే సరైనదనుకుంటున్నాను. గురువారంలోపు చెబితే శుక్రవారం రిపోర్టు పంపిస్తాను."

ఇప్పుడాయన "అకౌంట్స్ ఫైలే" అని కొడితే చాలు. ఇంగ్లీషులో రాసినా వరస ఇదే.

అన్నిటికన్నా విలువైనది ఆ "అనుకుంటున్నాను" వాక్యం. తప్పయితే ఏమనుకుంటారో అన్న టెన్షన్‌తో కొత్తవాళ్లు దాన్నే వదిలేస్తారు. దయచేసి వదలకండి. మీ ఆలోచన తప్పయినా, ఎక్కడ పొరబడ్డారో సీనియర్‌కి వెంటనే తెలుస్తుంది, ఒక్క లైన్లో సరిదిద్దుతారు. ఊరికే "డౌట్" అని పంపితే మీరు ఎంతవరకు ఆలోచించారో ఎవరికీ తెలియదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. జవాబివ్వాల్సినవాళ్లని "టు"లో, తెలిస్తే చాలనుకున్నవాళ్లని "సీసీ"లో పెట్టండి. అడ్రసు మాత్రం అంతా రాశాకే వేయండి, సగం రాసిన మెయిల్ పొరపాటున వెళ్లిపోదు. జీమెయిల్‌లో పంపింది ఆపుకునే గడువు సెట్టింగ్స్‌లో పెంచుకున్నా 30 సెకన్లు దాటదు.

అభ్యాసం: మీరు ఎవరినైనా సాయం అడిగిన పాత మెసేజ్ ఒకటి తీసి ఈ వరసలో తిరగరాయండి. మొదటి లైన్ మాత్రమే ఫ్రెండ్‌కి చూపించి, నేనేం అడుగుతున్నానో చెప్పమనండి. చెప్పలేకపోతే ఇంకోసారి రాయండి. గడువులోపు పని పూర్తికాదని తెలిసినప్పుడు ఆ మాట ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది 4వ పాఠం. అప్పుడు ఈ మెసేజే మళ్లీ కావాలి, దాచిపెట్టుకోండి.