యూరప్ మూకీ సినిమాను మన మిద్దె మీద వేయాలంటే

మొదటి షోకు 'ది లాస్ట్ లాఫ్' పెట్టుకోండి. జర్మనీలో మూర్నౌ 1924లో తీసిన సినిమా. పెద్ద హోటల్ గుమ్మం దగ్గర దర్జాగా కోటు తొడుక్కుని నిలబడే ముసలాయన నుంచి ఆ కోటు లాక్కుని బాత్‌రూమ్ డ్యూటీలో వేస్తారు. మాటల కార్డు, అంటే సీన్ల మధ్య మాటలు రాసి తెర మీద చూపించేది, దాదాపు లేదు, చివర్లో ఒక్కటి. ఉత్తరం లాంటివి తెర మీద కనిపిస్తే ఒకరు చదివి చెబితే చాలు. తిరుపతిలో లాడ్జీల ముందు సెల్యూట్ కొట్టే వాచ్‌మన్లను రోజూ చూసేవాళ్ళకు ఇంకేం వివరించక్కర్లేదు. బైరాగిపట్టెడలో మా మిద్దె మీద వేసినప్పుడు, కోటు విప్పించే సీనుకు పక్కింటి అవ్వ "ముసలాయన్ను అట్ల చేస్తారా!" అని పైకే అనేసింది.

కార్డులున్న సినిమాతోనే అసలు పని మొదలవుతుంది. ఇక్కడ నాదొకటే పట్టుదల: కార్డు మీది మాట తెలుగులోకి మార్చండి, బొమ్మ జోలికి పోకండి. అమెరికాకు ఈ సినిమాలు దిగుమతి చేసుకున్నవాళ్ళు చాలాసార్లు రెండూ మార్చేశారు. జర్మనీలో లుబిచ్ తీసిన 'మదామ్ దుబారీ' 1920లో అక్కడ 'ప్యాషన్' పేరుతో వచ్చింది. పేరు మారితే పోనీ అనుకోవచ్చు. 1927లో 'మెట్రోపొలిస్' అనే జర్మన్ సినిమాకు జరిగింది మాత్రం అన్యాయం. చానింగ్ పొలాక్ అనే నాటక రచయిత చేత కార్డులు తిరగరాయించి, సినిమాలో దాదాపు నాలుగో వంతు కోసేశారు. సైంటిస్టు, నగరాధిపతి ఇద్దరూ ప్రేమించిన, చనిపోయిన ఆవిడ కథ పూర్తిగా ఎగిరిపోయింది. ఆ సైంటిస్టు మరమనిషిని ఎందుకు చేస్తున్నాడో, అతని పగ ఎవరి మీదో తెలియకుండా పోయింది. మనం ఆ పని చేయొద్దు.

తెలుగు కార్డు అసలు కార్డు ఉన్నంతసేపే ఉండాలి. మన మాటలు పొడవు కాబట్టి పది మాటలు దాటనివ్వకండి. పైకి చదువుతూ టైము చూసుకోండి, నింపాదిగా రెండుసార్లు చదవగలిగితే సరిపోయినట్టే. నల్ల కార్డు మీద తెల్ల అక్షరాలు, 'మండలి' లాంటి సాదా ఫాంటు. వరుసల మధ్య జాగా ఎక్కువ ఇవ్వండి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి. చివరి కుర్చీలో కూర్చుని చదివి చూడాల్సిందే.

పేర్ల దగ్గర జాగ్రత్త. మూర్నౌదే 'నోస్ఫెరాటు' అనే రక్తపిశాచి సినిమా ఉంది, దాని ఇంగ్లీషు ప్రింట్లు కొన్నిటిలో ఆ పిశాచి కౌంట్ ఓర్లాక్ పేరు డ్రాకులా అయిపోయింది. జర్మన్ కార్డులున్న ప్రింటు సంపాదించి దాని నుంచే రాసుకోండి. స్పీడు కూడా చూడండి. సెకనుకు 18 ఫ్రేములతో (అంటే 18 బొమ్మలతో) నడవాల్సిన 90 నిమిషాల సినిమా 24తో నడిస్తే గంటా ఎనిమిది నిమిషాల్లోపే అయిపోతుంది, మనుషులు పరుగులు పెడుతున్నట్టు ఉంటుంది. మూకీ అంటే అట్లాగే ఉంటుందని పిల్లలు అనుకోవడం నాకు బాధగా ఉంటుంది.

సంగీతానికి ఒక హార్మోనియం, ఒక మృదంగం చాలు. రీస్టోర్ చేసిన ప్రింట్లతో వచ్చే కొత్త సంగీతానికి విడిగా హక్కులు ఉండొచ్చు, కాబట్టి సౌండు ఆపేసి మనవాళ్ళ చేతే వాయించుకోవడం మేలు. కార్డులు చదవడానికి హరికథ తెలిసినవాళ్ళు దొరికితే అదృష్టమే. మా చిత్తూరు వైపు ఊళ్ళలో మహాభారత ఉత్సవం జరిగితే పగలు హరికథ, రాత్రి నాటకం. ఆ గొంతుకు జనం అలవాటుపడినవాళ్ళు. అయితే కార్డులో ఉన్నదే చదవమని ముందే చెప్పండి, పిట్టకథలు వద్దు.

బహిరంగంగా వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. అందుకే మేం ఇంట్లోనే, తెలిసినవాళ్ళ మధ్యే వేసుకుంటున్నాం.

చేయి తిరిగాక 'మెట్రోపొలిస్' వేయండి, 2010లో వచ్చిన ప్రింటే తీసుకోండి. పోయిన భాగాల్లో చాలావరకు 2008లో బ్యూనస్ ఎయిరిస్‌లో దొరికాయి. గీతలు పడి మసకగా ఉంటాయి. బాగాలేవని వాటిని తీసేయకండి, అవి ఎక్కడి నుంచి వచ్చాయో షోకు ముందు రెండు మాటల్లో చెప్పండి.