పాత హోమ్ కంప్యూటర్‌ని పీసీలో నడిపే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కమోడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, బీబీసీ మైక్రో, అమీగా... వీటిలో దేన్నయినా ఇవాళ్టి పీసీలో నడపడానికి ఒక ఎమ్యులేటర్ (పాత మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రామ్), కాస్త ఓపిక ఉంటే చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "నా పీసీకి ఏమన్నా అవుతుందా?" మామూలుగా ఏమీ కాదు. 1982లో వచ్చిన కమోడోర్ 64 ప్రాసెసర్ వేగం 1 మెగాహెర్ట్జ్‌కి కాస్త అటూ ఇటూ. దాన్ని అనుకరించడం ఇప్పటి మెషీన్‌కి పెద్ద పనేం కాదు.

పాడయ్యేవి వేరే ఉన్నాయి. పాత పెట్టెలో దొరికిన అసలు ఫ్లాపీలు, వారాల తరబడి ఆడి సేవ్ చేసుకున్న ఆట, ఎప్పుడో బేసిక్ భాషలో రాసుకున్న ప్రోగ్రామ్, ఆలోచించకుండా ఎమ్యులేటర్‌కి అప్పజెప్పిన ఫోల్డర్. ఎమ్యులేటర్ విండోలో కనిపించేది బొమ్మలా ఉంటుంది గానీ అది చేసే పనులు బొమ్మ పనులు కావు. డిస్క్ మీద రాయమంటే నిజంగానే రాస్తుంది, ఫార్మాట్ కొట్టమంటే నిజంగానే కొడుతుంది. "అన్‌డూ" అనే మాటే తెలియని కాలం నాటి మెషీన్ అది.

డౌన్‌లోడ్ దగ్గరే మొదలు

కమోడోర్‌కి వైస్, స్పెక్ట్రమ్‌కి ఫ్యూజ్, అమీగాకి విన్‌యూఏఈ, అటారీ ఎస్‌టీకి హటారీ, ఎమ్‌ఎస్‌ఎక్స్‌కి ఓపెన్ ఎమ్‌ఎస్‌ఎక్స్. ఇవన్నీ ఉచితమే. వాటి సొంత ప్రాజెక్ట్ పేజీల నుంచే దించుకోండి. మధ్యలో ఎవరో "డౌన్‌లోడ్ మేనేజర్" పెట్టుకోమంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

విండోస్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా ముందే సెట్టింగ్ మార్చుకోండి. మామూలుగా అవి దాగి ఉంటాయి కాబట్టి, క్యాసెట్ ఫైల్ లాంటి పేరు పెట్టుకుని చివర ఈఎక్స్‌ఈ (విండోస్‌లో నడిచే ప్రోగ్రామ్ గుర్తు) తగిలించుకున్న ఫైల్ కూడా అమాయకంగా కనిపిస్తుంది. క్యాసెట్ ఇమేజ్, డిస్క్ ఇమేజ్ అన్నవి పాత క్యాసెట్, డిస్క్‌లలో ఉన్నదంతా ఒక ఫైల్‌గా మార్చినవి; ఎమ్యులేటర్ లోపల తెరిచేవి, డబుల్ క్లిక్ చేస్తే ఇన్‌స్టాల్ అయ్యేవి కావు.

సైజు చూడటం ఇంకో సులువైన పరీక్ష. మామూలు కమోడోర్ డీ64 డిస్క్ ఇమేజ్ 174848 బైట్లు. అమీగా డిస్క్ ఇమేజ్ అయిన ఏడీఎఫ్ 901120 బైట్లు. స్పెక్ట్రమ్ 48కే రోమ్ 16384 బైట్లు, అమీగా రోమ్ అయిన కిక్‌స్టార్ట్ 1.3 అయితే 262144. (రోమ్ అంటే ఆ మెషీన్ చిప్‌లో పుట్టుకతో ఉండే సాఫ్ట్‌వేర్, ఇక్కడ ఫైల్ రూపంలో.) కొన్ని రకాల డిస్క్ ఇమేజ్‌లు దీనికంటే కొంచెం పెద్దగా ఉండొచ్చు. కానీ ఒక స్పెక్ట్రమ్ ఆట పేరుతో 40 మెగాబైట్ల ఫైల్ వచ్చిందంటే అందులో ఉన్నది ఆట ఒక్కటే కాదు. యాంటీవైరస్ అభ్యంతరం చెప్పిందని దాన్ని పూర్తిగా ఆపేసి ముందుకెళ్లే అలవాటు కూడా మంచిది కాదు.

రోమ్‌ల హక్కుల సంగతి కూడా తెలుసుకుని ఉండాలి. "ఇప్పుడెవరూ అమ్మడం లేదుగా" అన్నది అనుమతి కిందికి రాదు. సింక్లెయిర్ కంప్యూటర్ వ్యాపారాన్ని 1986లో కొన్న ఆమ్‌స్ట్రాడ్, హక్కులు తన దగ్గరే ఉంచుకుని, స్పెక్ట్రమ్ రోమ్‌లను ఎమ్యులేటర్లతో కలిపి పంచుకోవడానికి 1999లో ఒప్పుకుంది. అందుకే స్పెక్ట్రమ్ ఎమ్యులేటర్ పెట్టగానే నడుస్తుంది. అమీగాకి అలా లేదు. కిక్‌స్టార్ట్ రోమ్ కావాలంటే లైసెన్స్‌తో అమ్మే అమీగా ఫరెవర్ ప్యాకేజీ కొనుక్కోవాలి, లేదా ఏరోస్ అనే ఉచిత ప్రత్యామ్నాయంతో సర్దుకోవాలి. అటారీ ఎస్‌టీకి ఎము టాస్, ఎమ్‌ఎస్‌ఎక్స్‌కి సీ-బయోస్ అలాంటివే. వీటితో ప్రతి ఆటా నడవదు గానీ నేర్చుకోవడానికి బాగా సరిపోతాయి.

అసలు కాపీ మీద ఎప్పుడూ ఆడొద్దు

ఒక ఫోల్డర్‌కి "అసలు" అని పేరు పెట్టండి. వచ్చిన ప్రతి డిస్క్ ఇమేజ్ ముందు అందులోకి వెళ్లాలి, రీడ్ ఓన్లీ టిక్ పడాలి. ఆడుకోవడానికి వేరే కాపీ. నేను ఇచ్చే సలహాల్లో ఒక్కటే పాటిస్తామంటే ఇదే పాటించండి.

ఎందుకంటే ఆ కాలపు ఆటలు చాలా వరకు తమ డిస్క్ మీద తామే రాసుకుంటాయి: హైస్కోర్లు, సేవ్‌లు, కొన్నిసార్లు ఆట ప్రపంచంలో జరిగిన మార్పులు. ఒకసారి చంపేసిన పాత్ర ఆ డిస్క్ ఉన్నంతకాలం చచ్చినట్టే. అమీగా డిస్కులతో ఇంకో తంటా ఉంది. 1987లో బయటపడ్డ ఎస్‌సీఏ వైరస్ లాంటివి డిస్క్ బూట్ బ్లాక్‌లో (మెషీన్ మొదలయ్యేటప్పుడు ముందుగా చదివే భాగం) కూర్చుంటాయి. అలాంటి డిస్క్‌తో బూట్ చేస్తే మెమరీలోకి ఎక్కి, రీసెట్ కొట్టినా పోకుండా, ఆ తర్వాత రైట్ ప్రొటెక్ట్ (డిస్క్ మీద రాయకుండా పెట్టే అడ్డు) లేకుండా పెట్టి బూట్ చేసే డిస్కులకు అంటుకుంటుంది. ఇవి మీ విండోస్‌ని ఏమీ చేయలేవు. మీ ఏడీఎఫ్‌లను మాత్రం ఒక్కొక్కటిగా పాడుచేస్తాయి. ఎవరూ కాపీ చేయకుండా బూట్ బ్లాక్‌లో సొంత కోడ్ పెట్టుకున్న ఆట మీద ఈ వైరస్ రాసిందంటే ఆ ఆట ఇక లేవదు.

జిప్ లోపలి ఇమేజ్‌ని నేరుగా తెరిచి ఆడేవాళ్లకి ఉల్టా సమస్య. చాలా ఎమ్యులేటర్లలో ఆ డిస్క్ మీద రాసింది నిలవదు. గంటసేపు ఆడి, సేవ్ చేసి, మర్నాడు తెరిస్తే ఏమీ ఉండదు. ముందు జిప్ విప్పండి.

స్నాప్‌షాట్‌ని సేవ్ అనుకోవద్దు

స్నాప్‌షాట్, సేవ్ స్టేట్ ఏ పేరుతో పిలిచినా అది ఆ క్షణంలో మెషీన్ మెమరీకి తీసిన ఫోటో. డిస్క్‌కి తీసిన ఫోటో కాదు, చాలాసార్లు. దీంతో నేను బాగానే చేతులు కాల్చుకున్నాను.

అమీగాలో ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకుంటూ ఉన్నాను. సోమవారం రాత్రి స్నాప్‌షాట్ తీసి ఆపేశాను. మంగళ, బుధవారాలు అదే డిస్క్‌తో మామూలుగా బూట్ చేసి పని చేశాను, కొత్త ఫైళ్లు నాలుగైదు చేరాయి. గురువారం బద్ధకం కొద్దీ, బూట్ అయ్యేదాకా ఎవరు ఆగుతారని, సోమవారం స్నాప్‌షాట్ లోడ్ చేసి ఒక ఫైల్ సేవ్ కొట్టాను. మెమరీలో ఉన్నది సోమవారం నాటి పటం: డిస్క్ మీద ఏ బ్లాక్ ఖాళీగా ఉందో, ఏది నిండిందో చెప్పే పటం. డిస్క్ మీద ఉన్నది బుధవారం నాటి ఫైళ్లు. ఖాళీ అనుకున్న చోటల్లా అది ధీమాగా రాసేసింది. ఎర్రర్ మెసేజ్ కూడా రాలేదు. రెండు రోజుల పని ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ముక్కలుగా మిగిలింది.

కాబట్టి స్నాప్‌షాట్ తీసిన ప్రతిసారీ దానితో పాటు ఆ డిస్క్ ఇమేజ్‌ని కూడా అదే తేదీ పేరుతో కాపీ చేసి పెట్టండి. ఎమ్యులేటర్ కొత్త వెర్షన్‌కి మారితే పాత స్నాప్‌షాట్‌లు తెరుచుకోకపోవచ్చు. దాచుకోదగ్గ సంగతేదైనా ఆట లోపలి సేవ్‌తోనే దాచుకోండి.

పీసీ ఫోల్డర్లు అప్పజెప్పేటప్పుడు

విన్‌యూఏఈ లాంటి వాటిలో మీ పీసీలోని ఫోల్డర్‌ని అమీగా హార్డ్ డిస్క్‌లా చూపించొచ్చు. చాలా సుఖం. కానీ అమీగాలో కూర్చుని అందులో ఏదైనా డిలీట్ చేస్తే పీసీలోనూ పోతుంది. దీనికోసం ఖాళీ ఫోల్డర్ ఒకటి కొత్తగా తయారు చేసుకోండి. డాక్యుమెంట్స్‌ని గానీ మొత్తం సీ డ్రైవ్‌ని గానీ ఇవ్వొద్దు. అదే మెనూలో అసలు హార్డ్ డ్రైవ్‌నే జోడించే ఆప్షన్ కూడా ఉంటుంది. కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు, ఎమ్యులేటర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడపొద్దు. "మీ పీసీకి ఏమీ కాదు" అని మొదట్లో అన్నమాటకి ఇదొక మినహాయింపు.

కీబోర్డు పెట్టే తిప్పలు

స్పెక్ట్రమ్ 48కే తెరిచి లోడ్ అని అక్షరాలు కొడితే తెర మీద "లెట్ ఓఏడీ" అని వస్తుంది. అది పాడవలేదు. ఆ మెషీన్‌లో ఒక్కో కీకి ఒక్కో ఆదేశం ఉంటుంది. లైన్ మొదట్లో ఎల్ నొక్కితే లెట్, జే నొక్కితే లోడ్. తర్వాత సింబల్ షిఫ్ట్ పట్టుకుని పి రెండుసార్లు కొడితే రెండు కోట్ గుర్తులు పడతాయి, ఆపై ఎంటర్. సింబల్ షిఫ్ట్ పని చాలా ఎమ్యులేటర్లలో కంట్రోల్ కీ చేస్తుంది.

కమోడోర్‌లో కోట్ గుర్తు షిఫ్ట్‌తో 2 నొక్కితే వచ్చేది. వైస్‌లో కీమ్యాప్ "పొజిషనల్" అని ఉంటే పాత కీబోర్డు అమరికే పనిచేస్తుంది, "సింబాలిక్" అని ఉంటే మీ పీసీ కీల మీదున్న గుర్తులే పడతాయి. టైపింగ్‌కి రెండోది, ఆటలకి మొదటిది నయం. విండోస్‌లో తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉంటే ముందు ఇంగ్లిష్‌కి మారండి, లేకపోతే కీలు వింతగా ప్రవర్తించి అరగంట తినేస్తాయి. ఎస్కేప్ నొక్కితే బయటికి వస్తామనే అలవాటు కూడా పక్కన పెట్టండి. వైస్‌లో అది రన్/స్టాప్ కీ, నడుస్తున్న బేసిక్ ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది.

ఆట టైటిల్ దగ్గరే ఆగిపోయి జాయ్‌స్టిక్‌కి కదలకపోతే ఫైల్ పాడైందని తీర్మానించొద్దు. కమోడోర్ ఆటలు ఎక్కువగా రెండో పోర్టే వాడతాయి, పోర్టు మార్చి చూడండి.

సెట్టింగులు, వేగం

ఒకసారి ఒక్క సెట్టింగే మార్చండి. అమీగా 500 కోసం రాసిన ఆట అమీగా 1200 మోడల్‌లో మొరాయించడం మామూలే. యూరప్ ఆటలు 50 హెర్ట్జ్ తెర (పాల్ అనే టీవీ పద్ధతి) కోసం రాసినవి, వాటిని ఎన్‌టీఎస్‌సీలో (60 హెర్ట్జ్ అమెరికా పద్ధతి) పెడితే పాట పరుగెడుతుంది, కొన్నిసార్లు ఆటే కూలిపోతుంది. మోడల్, పాల్/ఎన్‌టీఎస్‌సీ సరిచూసుకున్నాకే మిగతా వాటి జోలికి వెళ్లండి.

ఆలస్యాన్ని హ్యాంగ్ అనుకుని విండో మూసేయొద్దు. 48కే నిండా ఉన్న స్పెక్ట్రమ్ క్యాసెట్ లోడ్ కావడానికి దాదాపు 5 నిమిషాలు పట్టేది, అసలు వేగంలో పెడితే ఇక్కడా అంతే. వేగం పెంచే వార్ప్ మోడ్ ఉంది, లోడ్ అయ్యాక దాన్ని ఆపడం మర్చిపోకండి.

క్యాసెట్ లోడ్ అయ్యేటప్పుడు వచ్చే కీచుమనే శబ్దం హెడ్‌ఫోన్స్‌లో చెవులు చిల్లులు పొడుస్తుంది. వాల్యూమ్ ముందే తగ్గించండి. తెర అంచుల్లో రంగుల చారలు కూడా వేగంగా మెరుస్తాయి. మెరుపుల వల్ల ఫిట్స్ వచ్చే సమస్య ఎవరికైనా ఉంటే ఫాస్ట్ లోడింగ్ ఆన్ చేయండి, లేదా లోడ్ అయ్యేదాకా వాళ్లని తెర ముందు కూర్చోబెట్టకండి.

అసలు ఫ్లాపీలు చేతిలో ఉంటే

పీసీ డ్రైవ్‌లో అమీగా ఫ్లాపీ పెడితే విండోస్ దాన్ని చదవలేక "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతుంది. వద్దు అనాలి. ఎవరైనా కంగారులో సరే కొట్టినా నష్టం లేకుండా ఉండాలంటే ముందే రైట్ ప్రొటెక్ట్ పెట్టాలి. ఇక్కడ ఒక తిరకాసు: మూడున్నర అంగుళాల ఫ్లాపీలో మూల చిల్లు తెరిచి ఉంటే రక్షణ, ఐదుంపావు అంగుళాల దాంట్లో పక్క గాటు మూసేస్తే రక్షణ. సరిగ్గా తలకిందులు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొని ప్రయోజనం లేదు, అమీగా, కమోడోర్ డిస్కులు దానికి అందవు. ఇలాంటి డిస్కులు చదవడానికే చేసిన గ్రీజ్‌వీజిల్ లాంటి బోర్డుకి పాత పీసీ డ్రైవ్ తగిలించి చదవాలి. ఫ్లాపీ కవరుకున్న కిటికీలోంచి చూసినప్పుడు డిస్క్ మీద బూజు మచ్చలు కనిపిస్తే శుభ్రం చేసేదాకా అసలు తిప్పొద్దు. డిస్క్ గీసుకుపోతుంది, హెడ్‌కి అంటిన బూజు తర్వాతి డిస్క్‌ని కూడా చెడగొడుతుంది.

చివరగా, ఎమ్యులేటర్ మూసేటప్పుడు అడుగున డ్రైవ్ లైట్ వైపు ఒకసారి చూడండి. అది వెలుగుతుండగా విండో మూస్తే, నిజమైన అమీగాలో రాస్తుండగా ఫ్లాపీ లాగేసినట్టే. మర్నాడు "డిస్క్ నాట్ వాలిడేటెడ్" అని పలకరిస్తుంది. లైట్ ఆరాక రెండు మూడు సెకన్లు ఆగి, అప్పుడు మూయండి.